చింతపండు పురావస్తు శాఖ

కేంద్రానికో పురావస్తు శాఖ ఉంది, రాష్ట్రానికో పురావస్తు శాఖ ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడోది కూడా నడుస్తోంది. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, నోటిఫికేషన్ అక్కర్లేదు. గుప్పెడు చింతపండు, కాస్త బూడిద, కొబ్బరిపీచు, వాడి పారేయాల్సిన టూత్‌బ్రష్ చాలు. పాత నాణెం ఒకటి చేతికి చిక్కిందంటే పెరట్లో పీట వేసుక్కూచుని, కాఫీ చల్లారేలోగా రెండువేల ఏళ్లు కడిగి పారబోస్తుంది. తెనాలి శాఖకి అదనపు సౌకర్యం కూడా ఉంది, ఊళ్లోనే నిమ్మకాయల మార్కెట్టు.

వీళ్ల సిద్ధాంతం ఒక్కటే: మెరిస్తే ధర. సంక్రాంతి ముందు రాగిచెంబు తోమినట్టే కాణీనీ తోమాలి. చెంబు తోమితే తప్పేం లేదు, రేపు దాంతో నీళ్లు పట్టుకోవాలి. కాణీ తోమి ఏం పట్టుకుంటారని అడిగితే మాత్రం ఫోన్ తీసి వీడియో చూపిస్తారు. అందులో ఎవరో రెండు రూపాయల బిళ్లకి లక్షలిస్తామంటున్నాడు. పాత నాణేలు, నోట్ల అమ్మకాలకు తన పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అంటూ జనం దగ్గర గుంజుతున్నారని, అలాంటి లావాదేవీలతో తనకేం సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. పాపం, ఆ ప్రకటనని ఎవరూ చింతపండు పెట్టి తోమలేదు. మెరవలేదు, కాబట్టి ఎవరి కంటా పడలేదు.

నిజంగా కొనేవాడు చేసే మొదటి పని భూతద్దం తీయడం. తోమిన నాణెం మీద ఒకే దిక్కుకి సన్నని గీతలు కనబడతాయి. రాగిదైతే అసహజమైన గులాబి రంగు తేలుతుంది. పులుపులోని ఆమ్లం రాగి మీది పాత పొరని కరిగించి, కింద ఉన్న పచ్చి లోహాన్ని బయటపెడుతుంది. ఆ పొర మురికి కాదు. మట్టీ గాలీ తేమా కలిసి శతాబ్దాలుగా పేర్చిన గోధుమ, ఆకుపచ్చ చర్మం అది. అక్షరాల అంచులు దాని మీదే నిలుస్తాయి, లోపలి లోహానికి కాపలా కూడా అదే. దాన్ని ఊడబీకి 'ఇప్పుడు చూడండి, కొత్తదానిలా ఉంది' అంటాడు మన శాఖాధిపతి. నిజమే. కొత్తది కావాలంటే ఇంత శ్రమ దేనికి, కిరాణా కొట్లో చిల్లర అడిగితే ఇస్తారుగా!

శాతవాహనుల సీసపు నాణెం దొరికితే ఇక పండగే. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో వాళ్లు వేసిన సీసపు నాణేలు తూర్పు తీరంలో దొరికాయి. సీసం ఎంత మెత్తనిదంటే గోటితో గీసినా గీత పడుతుంది. దాని మీద స్టీలు పీచు ఆడించారంటే మొదటి విడతలో తాళ్లు పోతాయి, రెండో విడతలో కొయ్యలు పోతాయి, మూడో విడతకి ఓడే మునుగుతుంది. ఏ తుపానూ చెయ్యలేని పని. 'పోనీ, తోమను, వెనిగర్‌లో నానబెడతా' అనే సౌమ్యులూ ఉన్నారు. ఆ పులుపు ఆవిరి చాలు సీసం తెల్లపొడిగా రాలిపోవడానికి. చెక్కబీరువాలో, అట్టపెట్టెలో ఏళ్ల తరబడి దాచినా వాటిలోంచి వచ్చే ఆవిరి అదే పని నిదానంగా చేస్తుంది.

తెనాలిలో రేపల్లె బండెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపం ఇటుకలూ చలువరాళ్లూ పంతొమ్మిదో శతాబ్దంలో రోడ్లకీ కాలువ పనులకీ పోయాయి. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్విస్తే అక్షరాలు చెక్కిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద కుబిరకుడనే రాజు పేరుంది. ఆ రాజు సంగతి మనకి తెలిసింది ఆ కాసిని గీతల వల్లే. ఆరోజు పేటిక ముందు మన శాఖవాళ్లు పీచు పట్టుకుని కూచుని ఉంటే రాయి అద్దంలా మెరిసేది. రాజుగారు ఉండేవారు కాదు.

ఇంతకీ రాగి నాణెం మీది ఆకుపచ్చలన్నీ ఒకటి కాదు. గట్టిగా, నున్నగా ఉన్నదాన్ని వదిలెయ్యాలి. లేతాకుపచ్చ పొడిలా రేగి, ముల్లుతో గీకినా మళ్లీ పుట్టుకొచ్చేది అసలు జబ్బు. ఉప్పులోని క్లోరైడు రాగిలో చేరి, తేమ తగిలినప్పుడల్లా ఆమ్లమై లోపలికి తింటూ పోతుంది. సూర్యలంక గాలి తగిలే బాపట్లలో ఆ ఉప్పు ఉచితం. ఇక ఉప్పుబోరు నీళ్లతో కడిగేవాళ్లు జబ్బుకి పాలు పోసి పెంచుతున్నట్టే. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికాజెల్ పొట్లంతో పొడి డబ్బాలో మూసి, మ్యూజియం రసాయన నిపుణుడికి చూపించాలి. మట్టి అంటుకున్న రాగి నాణెమైతే డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, రోజుల తరబడి ఓపిక పట్టడమే. ఆరబెట్టేటప్పుడు అద్దాలేగాని రుద్దకూడదు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో దాచినందుకు పట్టే పచ్చని జిగురుకి స్వచ్ఛమైన అసిటోన్ ఉంది. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో రంగులూ నూనెలూ ఉంటాయి.

పొలంలో దొరికిన నాణేలైతే తోమే ముందు 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఉందని గుర్తు చేయాలి. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలపాలంటుంది అది. తోమాక విలువ పది రూపాయలకి దిగుతుంది కాబట్టి తెలపనక్కర్లేదని మన శాఖ న్యాయసలహాదారు వాదించగలడు.

అయినా చేతి దురద తీరదంటే పది రూపాయల బిళ్లలున్నాయి. ఎన్నిసార్లు తోమినా నష్టం లేదు. తోమినా తోమకపోయినా మన కొట్లలో సగంమంది అవి ఎలాగూ తీసుకోరు.