జెర్సీ సింహ పద్య వ్యాఖ్య

అవతారిక

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం పక్కన గోనెపట్టా పరిచి క్రికెట్ జట్ల బనీన్లు అమ్మే కుర్రాడి దగ్గర మా మేనల్లుడు ఒకటి కొన్నాడు. 150 రూపాయలు. పైన ఊరి పేరు, దాని కింద నోరు తెరిచిన సింహం, సింహం చెవి పక్కన ఆవగింజంత ఇంగ్లిషు అక్షరాలు. "ఇది అసలుదేనా బాబూ?" అన్నాను. "అసలుదే మాస్టారూ. కావలిస్తే ముద్ర సూసుకోండి. ఆ ముద్ర కూడా మేవే ఏసినాం" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఒక ఆటవెలది కుదిరింది. పద్యం కట్టినవాడే టీక రాసుకోవడం మర్యాద కాదు గానీ, నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు గనక సాహసించాను. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో కూర్చుని గ్రాంథికంలో వ్యాఖ్య రాసే ధైర్యం లేదు. పద్యం మాత్రం పెళ్లికి వెళ్తున్నట్టు పాత పట్టుబట్ట కట్టుకుంది.

మూలం

ఊరి పేరు ముందు, ఉరముపై సింగమ్ము,
చెవుల పక్క నున్న చిన్న ముద్ర;
పేరు కొన్నవాడు పెట్టెలో దాచిన
నరచువాని నోట నదియె యుండు.

ప్రతిపదార్థం

ఊరి పేరు = ఉత్తరాంధ్ర, వైజాగ్, గోదావరి, రాయలసీమ మొదలైన పేరు. ఉత్తరాంధ్ర ఊరెలా అవుతుందని శంక. హైదరాబాదులో ఉద్యోగం చేసే సిక్కోలు వాడికి ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా అంతా ఊరే గనక లక్షణావృత్తి చేత ఊరే.

ముందు = మొదట. జట్టు కంటే ఊరు ముందు పుట్టింది గనక పేరులోనూ ముందే నిలిచిందని ధ్వని.

ఉరముపై = రొమ్ము మీద. వీపున ఆటగాడి పేరు, భుజాన ప్రాయోజకుడి పేరు పోగా మిగిలిన చోటు ఇదొక్కటేనని కొందరి వ్యాఖ్యానం. అది గ్రాహ్యం కాదు. కారణం విశేషాల్లో చూడండి.

సింగమ్ము = సింహం. ఉత్తరాంధ్ర అడవుల్లో ఎక్కడా లేనిది. ఉద్దానం జీడితోటల్లో తిరిగే ఎలుగుబంటిని కాదని కవి దీన్ని పట్టుకొచ్చాడు. కవిసమయం.

చెవుల పక్కనున్న = సింహం చెవుల దగ్గర ఉన్న. చెవిలో చెప్పినట్టు రహస్యంగా ఉన్నదని భావం.

చిన్న ముద్ర = టీఎం అనే రెండక్షరాలు, లేదా వలయంలో ఇరుక్కున్న ఆర్ అక్షరం.

పేరు కొన్నవాడు = జట్టు యజమాని.

పెట్టెలో దాచినన్ = రిజిస్ట్రేషన్ పత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినా.

అరచువాని నోటన్ = స్టేడియంలో గొంతు చించుకునేవాడి నోట్లో.

అదియె యుండు = ఆ పేరే ఉంటుంది.

తాత్పర్యం

బనీను మీద ఊరి పేరు, సింహం బొమ్మ, ముద్ర ఉంటాయి. వాటికి చట్టప్రకారం యజమాని ఉండవచ్చు. కానీ పేరు బతికేది కాగితంలో కాదు, కేకలో.

విశేషాలు

1. విసంధి. "ముందు, ఉరము" అన్నచోట సంధి చేయకుండా వదిలేయడం దోషమేనని పండితులు అంటారు. ఒప్పుకుంటాను. అయితే బనీను మీద కూడా ఊరికీ సింహానికీ నడుమ బెత్తెడు జాగా వదిలారు. వస్తువును అనుకరించిన దోషం గుణమే.

2. ఉరము. రొమ్ము మీద మృగాన్ని మోయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. ఆయనకు దక్కిన 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులీస్' అనే బిరుదులకు ముద్ర లేదు, వలయం లేదు. అయినా ఆ పేర్లతో ఇంకెవడైనా సర్కస్ పెట్టి ఉంటే జనం టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగేవారు. ఆయనది నిజం ఏనుగు, మనది రంగు సింహం. ఆ రెంటి మధ్య ఉన్న తేడాయే ట్రేడ్ మార్కు చట్టం పుట్టడానికి కారణం.

3. సమాసం. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగులో 'ఉత్తరాంధ్ర లయన్స్' అని ఒక జట్టుండేది. దీన్ని ఏ సమాసంగా విడదీయాలి? 'ఉత్తరాంధ్ర యొక్క లయన్లు' అని షష్ఠీ తత్పురుష చేస్తే, అవి ఎక్కడున్నాయని అటవీశాఖ అడుగుతుంది. కనక బహువ్రీహి. పీతాంబరుడంటే పసుపూ కాదు, బట్టా కాదు, అది కట్టుకున్న విష్ణువు. అలాగే ఇక్కడ సీమా కాదు, సింహమూ కాదు, రెంటినీ తొడుక్కున్న పదకొండు మంది.

ఆశ్చర్యం ఏమిటంటే చట్టం కూడా బహువ్రీహి పక్షమే. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేసినవాడికి హక్కు మొత్తం గుర్తు మీద వస్తుంది, విడివిడి ముక్కల మీద రాదు. ముక్కలు అందరివీ. సింహాన్ని గుజరాత్ లయన్స్ అని ఐపీఎల్ వాళ్లు రెండేళ్లు వాడుకున్నారు. సేవాక్లబ్బుల వాళ్లు అంతకు ముందునుంచీ వాడుతున్నారు. సీమ పేరు సంగతి సరేసరి. స్థలాన్ని మాత్రమే సూచించే పేరును రిజిస్టరు చేయకూడదని 9వ సెక్షన్ అంటుంది. పలాస నుంచి వచ్చిన ప్రతివాడికీ 'పలాస' అనే హక్కు ఉంది. యజమానిది అయ్యేది ఆ కలయిక, ఆ బొమ్మ గీసిన తీరు, అంతే.

4. శబ్దశక్తి. 9వ సెక్షనులోనే ఒక మినహాయింపు ఉంది. వాడగా వాడగా జనం ఒక మాటను ఒకరికే కట్టిపడేస్తే, అప్పుడు రిజిస్టరు చేయవచ్చు. మన శాస్త్రంలో దీనికి పేరు యోగరూఢి. పంకజమంటే బురదలో పుట్టింది. బురదలో కప్పా పుట్టింది, నాచూ పుట్టింది. అయినా పంకజమనగానే ఎవడికీ కప్ప గుర్తురాదు. తామరపువ్వు ఆ మాటను వాడుకలో గెలుచుకుంది. ట్రేడ్ మార్కు లాయరు ఎంత దస్త్రం మోసినా కోర్టులో నిరూపించాల్సింది ఇంతే: మా కక్షిదారు తామర, తక్కినవాళ్లు కప్పలు.

5. పాఠాంతరాలు. 2025 సీజనులో 'ఉత్తరాంధ్ర లయన్స్' లేదు. 'సింహాద్రి వైజాగ్ లయన్స్' అనే జట్టు వచ్చింది. సింహాద్రిలో ఒక సింహం, లయన్స్‌లో ఇంకో సింహం. పునరుక్తి దోషమని ఆక్షేపణ. కాదని సమాధానం. మొదటిది కొండ మీది దేవుడు, అందులోనూ సగం మనిషి. రెండోది ఆటగాడు, అతడు పూర్తిగా మనిషి. నడుమ వైజాగ్ కాపలా ఉంది.

ఇంకా పాత ప్రతి ఒకటుంది. విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజయానంద గజపతిరాజు, లోకానికి విజ్జీ, 1930-31లో ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎంసీసీ పర్యటన రద్దయితే తానే ఒక జట్టు కట్టి అక్కడి ఆటగాళ్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించి భారతదేశంలోనూ సిలోన్‌లోనూ ఆడించాడు. ఆ జట్టు పేరు మహారాజ్ కుమార్ ఆఫ్ విజియనగ్రం ఎలెవెన్. 'నగరం'లో గకారం మీది అచ్చు రాలిపోయి 'నగ్రం' అయిందని గమనించాలి. ఊరిది ఒక వర్ణక్రమం, జట్టుది ఒకటి. ఇప్పటి సలహాదారులు వేరుగా కనిపించాలని డబ్బు తీసుకుని చేసే పనిని ఆనాటి ఇంగ్లిషు లేఖనం ఊరికే చేసిపెట్టింది. ఆ పొడుగాటి పేరు స్కోరు పుస్తకాల్లో ఉండిపోయింది. 'విజ్జీ' అనే రెండక్షరాలు మాత్రం విశ్వవిద్యాలయాల విజ్జీ ట్రోఫీ మీదికెక్కి తిరిగాయి.

6. ముద్రాభేదం. టీఎం అంటే 'ఇది నాదని నేను అనుకుంటున్నాను'. వలయంలో ఆర్ అంటే 'ఇది నాదని సర్కారు కూడా అనుకుంటోంది'. మొదటిది ఎవరైనా పెట్టుకోవచ్చు. రిజిస్టరు కాకుండా రెండోది పెడితే 107వ సెక్షన్ కింద జరిమానా. స్టేడియం కుర్రాడు ఏ ముద్ర వేశాడో చూద్దామంటే అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అతనికి తెలిసిన న్యాయశాస్త్రం తక్కువేమీ కాదనిపించింది.

దరఖాస్తు మన సీమ నుంచి చెన్నై రిజిస్ట్రీకి పోతుంది. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు. ఆట ఆడించడం 41లో, బనీను 25లో, బ్యాటు 28లో. ఒకే సింహం మూడు బోనుల్లో ఉండాలి, బోనుకో రుసుము. పదేళ్లకోసారి మళ్లీ రుసుము. 'పెట్టెలో దాచిన' అన్న కవిమాటకు శాస్త్రాధారం కూడా ఉంది. అయిదేళ్లకు పైబడి వాడకుండా ఊరికే దాచిన గుర్తును తీసేయమని దానివల్ల ఇబ్బందిపడ్డవారు అడగవచ్చని 47వ సెక్షన్.

7. పూర్వపక్షం. "ఇదంతా వేడిదేశాల గొడవ, మంచు మీద ఆడేవాళ్లు చల్లగా ఉంటారు" అని ఒకరి వాదం. నిలవదు. అమెరికాలో లాస్ వేగస్ ఐస్ హాకీ జట్టు గోల్డెన్ నైట్స్ అని పేరు పెట్టుకుంటే, మా పారాచూట్ దళం పేరూ అదేనని 2018 జనవరిలో ఆ దేశ సైన్యమే అభ్యంతరం వేసింది. జులైలో రాజీపడ్డారు. యూటా జట్టు యెతి అనే పేరు కోరుకుంటే అదే పేరుతో ఐసుపెట్టెలు అమ్మే కంపెనీ అడ్డొచ్చింది. మంచుమనిషిని వదిలి 2025లో మామత్ అని మంచుయుగపు ఏనుగును తెచ్చుకుంటే, ఆ పేరుతో హాకీ సంచులు అమ్మే కంపెనీతో కోర్టుకెక్కారు. లోకంలో లేని మృగానికీ, అంతరించిన మృగానికీ కూడా యజమానులుంటే, గిర్ అడవిలో బతికున్న సింహం గతేమిటి?

8. ప్రత్యుదాహరణ. బొబ్బిలి వీణకు, బూడితి ఇత్తడి పనికి ఉన్నది ట్రేడ్ మార్కు కాదు, భౌగోళిక గుర్తింపు. ట్రేడ్ మార్కులో ఊరి పేరు అడ్డం, దీనిలో ఊరి పేరే ప్రాణం. ట్రేడ్ మార్కు ఒకడిది, ఇది అక్కడ ఆ పని చేసే వాళ్లందరిదీ. జట్టు అమ్ముడుపోతే పేరు కూడా పోవచ్చు. గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి వీణ చేసే మనిషి కుండను అమ్ముతాడు, దండిని అమ్ముతాడు, 'బొబ్బిలి'ని అమ్మలేడు. కొనలేడు కూడా.

సిద్ధాంతం

ఇంత దూరం ప్రతిపదార్థం చెప్పి, సమాసం విప్పిన తర్వాత ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. అమృతధార అనే మందువాళ్లు లక్ష్మణధార అనే మందు మీద పోరాడితే, పదాలు విడదీసి అర్థాలు వేరని హైకోర్టు తేల్చింది. ఒకటి అమృతం ధార, ఇంకొకటి లక్ష్మణుడి ధార. నాబోటివాడు రాసిన టీకలా శుభ్రంగా ఉంది. 1962లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. మందు కొనేవాడు సామాన్యుడు, సగం సగం గుర్తున్నవాడు, అతడు పేరును ముక్కలు చేసి వ్యుత్పత్తి వెతకడు, చెవికి మొత్తంగా ఎలా తగిలిందో దాన్నే పట్టుకుంటాడు అంది. పేర్లు భ్రమ కలిగించేటంత దగ్గరగా ఉన్నాయని తేల్చింది.

అంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం టీకాకారుణ్ణి పక్కన కూర్చోబెట్టి, బనీను తొడుక్కున్నవాణ్ణి సాక్షిగా పిలిచింది. సరేనని నేనూ మా మేనల్లుణ్ణి పిలిచాను. "ఒరే, నీ బనీను మీది టీము పేరేట్రా?" అన్నాను. గుంటడు రొమ్ము వంక చూసుకోకుండానే చెప్పాడు: "ఏటో లయన్స్ మావయ్యా. మనోళ్లది."

'ఏటో' అన్నది చట్టం చెప్పిన అసంపూర్ణ స్మృతి. 'మనోళ్లది' అన్నది నా టీక ఎక్కడా పట్టుకోలేకపోయిన అర్థం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి పేరు నిలుస్తుంది. ఫలం పదేళ్లు. గడువు తీరాక రుసుము కట్టి మళ్లీ చదువుకోవాలి. బనీనును నిన్న మొదటిసారి ఉతికారు. ముద్ర పోయింది.