బ్లాగూ భక్తీ సరితూగాలంటే పది చిట్కాలు

బ్లాగు రాసే విశ్వాసులు పాపం నలిగిపోతున్నారు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యౌవనస్థుల కూడిక, మధ్యలో ఎవరింట్లోనో గృహకూడిక. ఇవన్నీ పోగా టపా రాయడానికి మిగిలేది ఏ అర్ధరాత్రో. అప్పుడు రాసింది తెల్లారి చూసుకుంటే అన్నీ అచ్చుతప్పులే. అలాంటివారి కోసమే ఈ చిట్కాలు.

మూలసూత్రం ఒక్కటే గుర్తుంచుకోండి. భక్తి విషయంలో రాసిందంతా చేసినట్టే లెక్క. ప్రార్థన మీద టపా వేశారా, ప్రార్థన అయిపోయింది. క్షమాగుణం మీద వేశారా, అందర్నీ క్షమించేశారు. రాసి మళ్ళీ చేయడమంటే ఒకే పనికి రెండుసార్లు చెమటోడ్చడం. తెలివైనవాడు ఆ తప్పు చేయడు.

1. ఆదివారాన్ని శనివారం రాత్రే ముగించండి.

బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ టపా ముందే రాసిపెట్టి, ఫలానా గంటకు ప్రచురించమని చెప్పే వీలుంది. శనివారం రాత్రి తీరిగ్గా కూర్చుని "ఈ ఉదయం సన్నిధిలో" అనే టపా రాయండి. ఆదివారం 12 గంటలకు పెట్టండి. ప్రసంగాంశం ఏమిటో మీకు తెలియదు కాబట్టి దాని జోలికి పోకండి. "అయ్యగారు ఈరోజు నాతోనే మాట్లాడినట్టనిపించింది, కన్నీళ్ళు ఆగలేదు" అని రాయండి. ఇది ఏ ప్రసంగానికైనా సరిపోతుంది. తుఫాను వచ్చి ఆరాధన రద్దయిపోతే కంగారు పడకండి. కింద "శరీరం ఇంట్లో ఉన్నా ఆత్మ అక్కడే ఉంది" అని ఒక్క వాక్యం చేర్చండి. టపాకు లోతు కూడా వస్తుంది.

2. వెళ్ళక తప్పకపోతే చివరి వరుసలో కూర్చోండి.

స్తంభం వెనక, ఫ్యాను కింద కుర్చీ పట్టండి. బైబిలు ఫోనులోకి వచ్చిన తర్వాత బ్లాగరులకు మంచి రోజులొచ్చాయి. తల వంచి ఫోను చూసేవాణ్ణి ఎవరూ అనుమానించరు, వాక్యం వెతుక్కుంటున్నాడనే అనుకుంటారు. మధ్యమధ్య బొటనవేలితో పైకి తోస్తూ తల ఊపండి. అందరూ "ఆమేన్" అన్నాక అర క్షణం ఆగి మీరూ అనండి. లోతుగా ఆలోచించి అన్నట్టుంటుంది.

ప్రసంగం మధ్యలో వ్యాసం పూర్తయిపోతే అక్కడే వేసేయండి. టపా మీద ఉండే సమయం పట్టిస్తుందని భయమా? సెట్టింగుల్లో టైమ్ జోన్‌ను లాస్ ఏంజలెస్‌కు మార్చండి. ఇక్కడ ఆదివారం ఉదయం పదిన్నరకు వేసింది అక్కడి లెక్కన శనివారం రాత్రి తొమ్మిదికో పదికో వేసినట్టు కనపడుతుంది. సంఘ పెద్దలకు అంత భూగోళం తెలియదు.

రాత్రంతా బ్లాగు పనిలో ఉండి కునుకు పడితే సిగ్గుపడకండి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఐతుకు అనే కుర్రాడు పౌలు ప్రసంగానికే నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. అతని పేరు గ్రంథానికెక్కింది. మెలకువగా విన్నవాళ్ళ పేర్లు అక్కడ ఎవరు రాశారు?

3. చిన్న పుస్తకాలు చదవండి, పెద్ద లెక్క చెప్పండి.

బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదికి అయిపోతుందని పాతకాలపు పెద్దలు చెబుతారు. మీకంత ఓపిక ఎందుకు? ఓబద్యా, ఫిలేమోను, రెండో యోహాను, మూడో యోహాను, యూదా. ఈ అయిదూ ఒక్కొక్క అధ్యాయం పుస్తకాలే. కాఫీ చల్లారేలోగా చూపు తిప్పేయొచ్చు. "ఈ వారం అయిదు పుస్తకాలు ముగించాను, దేవునికే మహిమ" అని రాయండి. ఏవి అని అడిగేవాడు ఉండడు. కీర్తనల్లో 117వది ఎంచుకోండి, రెండే వచనాలు. 119 వైపు తొంగి చూడకండి, 176 ఉన్నాయి.

జనవరి 1న "బైబిలంతా ఒక్క ఏడాదిలో" అనే వరుస తప్పకుండా మొదలుపెట్టండి. లేవీయకాండం దగ్గర ఆపేయండి. పాఠకులూ అక్కడే ఆగి ఉంటారు కాబట్టి ఎవరూ నిలదీయరు.

4. ప్రార్థన మనవులను ముడిసరుకుగా వాడండి.

గృహకూడికలో చాప మీద ఓ మూల కూర్చున్న సిస్టర్ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, గొంతు తగ్గించి, భర్త మళ్ళీ తాగుతున్నాడని, పొలం తాకట్టులో ఉందని చెబుతుంది. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుంటారు. మీరు మాత్రం మూయకండి, వివరాలు తప్పిపోతాయి. ఇంటికెళ్ళి రాయండి. పేరు మాత్రం రాయకండి, అది మర్యాద కాదు. "మా సంఘంలో రెండో వరుసలో కూర్చునే ఒక సిస్టర్, మొన్ననే పెద్దమ్మాయి పెళ్ళి చేశారు, భర్త ఫలానా ఆఫీసులో అటెండరు" అని రాస్తే చాలు. చివర "దయచేసి ప్రార్థించండి" అని తగిలించండి. ఆ రెండు మాటలు పడగానే చాడీ కాస్తా భారంగా మారిపోతుంది.

కొన్నాళ్ళకు ఆ సిస్టర్ నోరు విప్పడం మానేస్తుంది. తర్వాత మిగతావాళ్ళూ మానేస్తారు. కూడిక త్వరగా ముగుస్తుంది, మీకు రాసుకునే సమయం మిగులుతుంది.

5. తగువును కిందినుంచి పైకి నడపండి.

మత్తయి 18వ అధ్యాయంలో తగువు తీర్చుకునే వరుస ఉంది. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఈ పద్ధతిలో తగువు మొదటి మెట్టు మీదే తీరిపోయే ప్రమాదం ఉంది. మీకు రాయడానికి ఏమీ మిగలదు. అందుకని తలకిందులు చేయండి. ముందు లోకానికి చెప్పండి. లోకం ద్వారా సంఘానికి తెలుస్తుంది. ఆయనతో మాత్రం మాట్లాడకండి.

క్రిస్మస్ కార్యక్రమంలో ఒక పెద్దాయన మీకు మైకు ఇవ్వలేదనుకోండి. "నేటి పరిసయ్యులు" అని నాలుగు భాగాలు రాయండి. ఆయన అడిగితే "అయ్యో, మీ గురించి కాదండీ. మీకు తగిలిందంటే మీరే పరీక్షించుకోవాలి" అనండి. దీనికి జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఇంటికొచ్చి క్షమించమని అడిగితే, ఆ మాటే వ్యాఖ్యగా రాయమనండి. రాశాక దాన్ని ఆమోదించకుండా అలాగే ఉంచండి.

6. ఫొటో పడే సేవనే ఎంచుకోండి.

కుర్చీలు సర్దడం, ప్రేమవిందు తర్వాత డేగిశాలు తోమడం ఫొటోలో బాగోవు. వాటిని దేవుడు ఇతరులకు ఇచ్చిన వరాలుగా భావించండి. మీరు పప్పు గరిటె పట్టుకోండి. ఫొటో పడగానే గరిటె పక్కవాడికిచ్చి "ఒక్క నిమిషం బ్రదర్" అని వెళ్ళిపోండి. క్రిస్మస్ క్యారల్స్‌కు మొదటి ఇంటివరకే వెళ్ళండి. నక్షత్రం పట్టుకుని, నోరు తెరిచి, ఒక్క ఫొటో. రాత్రి రెండింటిదాకా మంచులో తిరిగినవాళ్ళకంటే మీ టపా ముందే వచ్చేస్తుంది.

7. కానుక గురించి రాయండి, వేయకండి.

కానుక సంచి మీ వరుస దగ్గరికి రాగానే కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తండి. ప్రార్థనలో ఉన్నవాణ్ణి ఎవరూ కదిలించరు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని కొండమీది ప్రసంగం చెబుతుంది. అసలు ఇవ్వకపోతే రెండు చేతులకూ తెలియదు. ఇంతకంటే కచ్చితమైన విధేయత లేదు. దశమభాగం విషయమై మనస్సాక్షి గొణిగితే, డొమైన్ పేరుకూ ఇంటర్నెట్టుకూ కట్టేదంతా సువార్త ఖర్చు కింద రాసుకోండి. మిగిలితే కొత్త ఫోను కూడా అందులోకే వస్తుంది.

డిసెంబరులో మెదక్ చర్చి మీద టపా వేయండి. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూలిగా తిండి పెట్టి పోస్నెట్ దొర దాన్ని కట్టించాడని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని రాయండి. ఆకలిగొన్నవారి కోసం లేచిన రాళ్ళని రెండు పేరాలు కరిగిపోండి. చివర "మరి నేటి సంఘం పేదలకు ఏం చేస్తోంది?" అని గద్దించండి. అలా అడిగినవాణ్ణి ఎవరూ చందా అడగరు. వచ్చే ఏడాది అదే టపా మళ్ళీ వేయండి, చరిత్ర మారదు కదా.

8. కుటుంబ ప్రార్థన వేళ తలుపు వేసుకోండి.

రాత్రి ఎనిమిదికి ఇంట్లోవాళ్ళు కీర్తనల పుస్తకం తీయగానే "నేను పరిచర్యలో ఉన్నాను" అని గదిలోకి వెళ్ళండి. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమనే మత్తయి 6వ అధ్యాయం చెప్పింది. లోపల ఏం చేస్తున్నారో బయటివాళ్ళకు అనవసరం.

అన్నం దగ్గర చిన్నది "నాన్నా, చచ్చిపోయిన మన కుక్కపిల్ల దేవుడి దగ్గరే ఉందా?" అని అడుగుతుంది. ముద్ద చేతిలో పట్టుకుని మీ మొహంలోకే చూస్తుంటుంది. అప్పుడు పొరపాటున కూడా జవాబు చెప్పకండి. చెబితే అక్కడే అయిపోతుంది. చప్పున లేచి చేయి కడుక్కుని "పసిమనసుల ప్రశ్నలు" అని రాయడం మొదలుపెట్టండి. ముగించి వచ్చేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. వ్యాసానికి మాత్రం చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు.

9. శ్రమదినాల్లో బ్లాగుకు ఉపవాసం ప్రకటించండి.

భస్మ బుధవారం ముందు మూడు టపాల్లో విరామం ప్రకటించండి. మొదటిది నిర్ణయం, రెండోది నిర్ణయం వెనక పోరాటం, మూడోది పాఠకులకు వీడ్కోలు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40 అవుతుంది. అంటే ఆదివారాలు ఉపవాసం కిందకు రావు. ఆ రోజున కూర్చుని వారానికి సరిపడా ఆరు టపాలు రాసి, రోజుకొకటి వచ్చేలా పెట్టేయండి. రాసింది ఆదివారమే కాబట్టి వ్రతభంగం లేదు. "బ్లాగు లేకుండా పన్నెండో రోజు: ఎంత ప్రశాంతత!" వంటివి బాగా చదువుతారు.

చదివేవాళ్ళ సంఖ్య తగ్గితే దిగులుపడకండి. మీ చూపులను లెక్కపెట్టవద్దని చెప్పే సౌకర్యం బ్లాగర్‌లో ఉంది. దాన్ని ముట్టుకోకండి. మీ పేజీ మీరే తెరుస్తూ మూస్తూ ఉండండి. సాయంత్రానికి "ఇందరు ధ్యానించారు" అని సాక్ష్యం చెప్పొచ్చు.

10. అయ్యగారు పరామర్శకు వస్తే టీ ఇవ్వండి, జవాబు ఇవ్వకండి.

"బాబూ, కనపడడం లేదేం?" అని ఆయన అడుగుతారు. "లోకమంతా నా సంఘమే అయ్యగారూ" అనండి. కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం ఎత్తితే, వ్యాఖ్యల్లో రోజూ కూడుకుంటూనే ఉన్నామనండి. ఇంకా నిలబడితే పౌలును తీయండి. ఆయన పేరు మీద 13 పత్రికలున్నాయి, ఆయనా రాసేవాడే. పౌలు వాటితో పాటు ఊళ్ళు తిరిగాడు, ఓడ బద్దలై అవస్థపడ్డాడు, చెరసాలలో ఉన్నాడు అంటే "పాపం, అప్పుడు నెట్ లేదు కదండీ" అనండి. ఆయన మీ తల మీద చేయి వేసి ప్రార్థన చేస్తారు. ఆ ఒక్క నిమిషంలో సెల్ఫీ తీసుకోండి. "మా కాపరి మా ఇంట" టపా సిద్ధం.

ఇవన్నీ తప్పకుండా పాటిస్తే ఏడాది తిరగకుండానే ఫలితం కనపడుతుంది. కుర్చీలు వేయమని ఎవరూ ఫోను చేయరు. గృహకూడికల పట్టికలో మీ ఇల్లుండదు. మీరు రాగానే సిస్టర్లు వానల గురించి మాట్లాడుకుంటారు. పాప ప్రశ్నలన్నీ వాళ్ళమ్మనే అడుగుతుంది. గుడి వైపు తక్కెడ తేలికైపోయిందంటే బరువంతా తగ్గినట్టే, సమతూకం కుదిరినట్టే.

ఇక ఎప్పుడైనా జబ్బు చేసి ఆసుపత్రిలో పడితే, ఇదివరకటిలా సంఘంలోని నలుగురూ హార్లిక్సు సీసా, బైబిలు పట్టుకుని వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేయరు. వార్డంతా నిశ్శబ్దంగా ఉంటుంది. మంచం పక్కన ప్లగ్గు ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి, చార్జరు మరిచిపోకండి. "నిజమైన సహవాసం ఎక్కడ?" అనే శీర్షిక ఈరోజే రాసిపెట్టుకోండి. సంఘాన్ని ఉతికి ఆరేయడానికి ఏడు భాగాలు తేలిగ్గా వస్తాయి.