ఒక్క గాజుగొట్టం కూడా పగలలేదు

మన ఉపాధ్యాయులకు పర్యావరణ విద్యలో శిక్షణ ఇప్పిస్తున్న పెద్దల జాగ్రత్తను మెచ్చుకోకుండా ఉండలేను. ముందుగా, పెద్ద మాటలను వాళ్లు కాపాడుకొస్తున్న తీరు. ప్రకృతిని పిల్లలు స్వయంగా చూసి, తాకి, చేసి నేర్చుకోవాలని 1977లో ట్బిలిసి నగరంలో జరిగిన యునెస్కో సదస్సు చెప్పింది. ఎం.సి. మెహతా కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను బడుల్లో తప్పనిసరి చేయమంది. 2001-02లో జాతీయ హరిత దళం వచ్చింది, బడుల్లో ఎకో క్లబ్బులు వెలిశాయి. ఉపాధ్యాయుడికి ఏటా కనీసం 50 గంటల శిక్షణ అవకాశం ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం రాసుకుంది. ఇందులో ఒక్క మాట కూడా పోలేదు. శిక్షణ మాడ్యూల్ తెరిస్తే మొదటి పేజీలోనే ఉంటుంది: ‘కృత్యాల ద్వారా, ప్రత్యక్ష అనుభవం ద్వారా’ అని. ఆ పేజీ నాకు చాలా ఇష్టం. నా బాధంతా రెండో పేజీ దగ్గర మొదలవుతుంది.

ఆ మాటను ఊరూరికీ చేర్చే యంత్రాంగమూ తక్కువది కాదు. రాష్ట్ర స్థాయిలో కొందరికి నేర్పుతారు, వాళ్లు జిల్లా వాళ్లకు, జిల్లా వాళ్లు మండలం వాళ్లకు, అక్కణ్నుంచి చుట్టుపక్కల బడులు కలిసే స్కూల్ కాంప్లెక్సుకు. రోజుల వ్యవధిలో మారుమూల తండా బడిలో పనిచేసే ఎస్జీటీ దాకా కబురు అందుతుంది. ఇంత పని ఇంత త్వరగా చేయగల శాఖలు మన దగ్గర ఎన్నో లేవు. పై మెట్టు మీద కూర్చున్న వాళ్లు ఒక పూట చెరువుగట్టు మీద నీళ్లు ముంచి చూస్తారు. జిల్లాకు వచ్చేసరికి ఆ చెరువు ఫొటో అవుతుంది. మండలంలో స్లైడు మీద నాలుగు వాక్యాలు. కాంప్లెక్సులో కరెంటు లేకపోతే ఆ స్లైడు వాట్సాప్ గ్రూపులోకి వెళుతుంది, అందరూ ‘నోటెడ్ సార్’ అని పెడతారు. కబురు అందింది. అందులోంచి చెరువు ఒక్కటే జారిపోయింది.

ఒకసారి ఒక మండల కేంద్రంలో జరిగిన శిక్షణలో వెనక బెంచీలో కూర్చున్నాను. హాజరు పట్టీ ఉదయం ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, వెళ్లేముందు ఒకసారి తిరిగింది. ఫొటోలు అక్షాంశ రేఖాంశాలతో సహా పైకి వెళ్లాయి. ఆన్ డ్యూటీ (ఓడీ) పత్రాలు సాయంత్రానికి అందరి చేతుల్లో పడ్డాయి. ఇంత పద్ధతిగా జరిగే పనిని తప్పుపట్టడం న్యాయం కాదు, నేను పట్టడం లేదు. రిసోర్స్ పర్సన్ కూడా మంచివాడు, గొంతు పోయేదాకా చెప్పాడు. జీవవైవిధ్యం మీద ఆయనకు పైనుంచి వచ్చిన స్లైడులో అమెజాన్ అడవి ఉంది, ధ్రువపు ఎలుగుబంటి ఉంది.

ఆ గది కిటికీ అవతల బడి ఆవరణలో ఓ మూల గడ్డి మొలిచిన జాగా ఉంది. భోజనాల వేళ ఒక పంతులమ్మ గారు పక్కనున్న కుర్ర టీచరుకు అక్కడ మొక్కలు చూపిస్తున్నారు. ఇది గరిక, ఇది తుంగ, ఇదిగో పల్లేరు, కాళ్లకు గుచ్చుకుంటుంది జాగ్రత్త. తుంచితే పాలు కారతాయి చూడమ్మా, రెడ్డివారి నానుబాలు. గడ్డిచామంతి ఆకు పసరు చిన్నప్పుడు మా అమ్మ దెబ్బలకు పూసేది. ఈ వయ్యారిభామ మన దేశానిది కాదు, దీని పుప్పొడి పడితే తుమ్ములు, దురదలు. అక్కడే టీచర్లందరికీ నాలుగు మీటరు పుల్లలూ కాస్త పురికొసా ఇచ్చి ఒక చదరపు మీటరు జాగా కట్టించి, ‘ఇందులో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టండి, ఆ వేపచెట్టు నీడలో ఇంకో చదరం కట్టి తేడా రాయండి’ అని ఉంటే శిక్షణ అంటే అదే. ఖర్చు పురికొసది మాత్రమే. అయితే టైంటేబుల్లో రెండు గంటలకు ‘జీవవైవిధ్యం – చర్చ’ అని ఉంది. సమయపాలన తప్పకూడదని అందరూ లోపలికి వచ్చేశారు. పంతులమ్మ గారే అందరికంటే ముందు వచ్చారు.

ఇక బడుల్లోని నీటి పరీక్ష కిట్లు. వీటి విషయంలో చూపే జాగ్రత్తకు దండం పెట్టాలి. నేను చూసిన ఒక ఉన్నత పాఠశాలలో నీటి పరీక్ష పెట్టె హెడ్మాస్టరు గారి గదిలో బీరువా పై అరలో ఉంది. స్టాక్ రిజిస్టరులో నంబరు పడింది, పెట్టెకు వేసిన టేపు వేసినట్టే ఉంది. గాజుగొట్టాల్లో ఒక్కటీ పగలలేదు, రంగుల కార్డు మీద ఒక్క వేలిముద్ర పడలేదు. పెట్టె మీద రాసిన రసాయనాల గడువు తేదీ మాత్రం దాటిపోయింది. పగిలితే ఎవరు కట్టాలన్న భయం ఆ హెడ్మాస్టరుది. ఆడిట్లో సమాధానం చెప్పాల్సింది ఆయనే కదా, ఆ భయం నిజమైనది. భయపెట్టిన వాళ్లు ఆ బీరువా దగ్గరకు ఎన్నడూ రారు.

ఆ పెట్టెలో ఏముందో తెలిస్తే కోపం ఆగదు. ఫ్లోరైడ్ పరీక్షకు బోరు నీళ్లు గొట్టంలో గీత దాకా పోసి రసాయనం కలపాలి. నీళ్లు మంచివైతే గులాబీ రంగు నిలుస్తుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. ఆ రంగును కార్డుతో పోల్చడం ఆరో తరగతి పిల్లకు కూడా వస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండలో మర్రిగూడ వైపు తరాల తరబడి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులను చూశాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం ఉంది. ఆ అంకెను పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. తమ బడి బోరులో ఎంతుందో అడిగితే టీచరు మొహం చూస్తారు, టీచరు బీరువా వైపు చూస్తారు.

ఇంత జాగ్రత్త లేని శిక్షణ ఒకటి మన దేశంలోనే జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి సైన్సు బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని భుజానికెత్తుకుంది. వేసవిలో ఉపాధ్యాయులే విద్యార్థులై కూర్చుని, పిల్లలు చేయాల్సిన ప్రతి ప్రయోగమూ తామే చేసేవారు. చేశాక వాదించుకునేవారు. బడులు తెరిచాక నెలనెలా కలిసి ఎక్కడ తడబడ్డామో చెప్పుకునేవారు. తరగతిలో నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా పొలాలకూ వాగులకూ వెళ్లేవారు. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసేసింది.

మన శిక్షణలను ఎవరూ మూసేయలేదు. అవి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు కనుక మూసేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అదే ఆ పెట్టె తెరిచి చూసి, బోరు నీళ్లు పసుపు రంగుకు తిరిగాయని పిల్ల ఇంటికెళ్లి చెబితే తండ్రి సర్పంచును అడుగుతాడు, సర్పంచు ఇంజనీరును అడుగుతాడు, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

పెద్దలను నేను కోరేది కొత్త మాడ్యూల్ కాదు. ఉన్న మొదటి పేజీ చాలు. నీటి పరీక్షల్లో పగిలిన గాజు సామానును హెడ్మాస్టరు సంతకంతో రిజిస్టరులోంచి కొట్టేయవచ్చని ఒక సర్క్యులర్ ఇవ్వండి. గడువు తీరిన రసాయనాలు ఏటా మార్చండి. కాంప్లెక్సు సమావేశాల్లో ఒక పూట గదికి తాళం వేసి, ఆ ఊరి చెరువు దగ్గర హాజరు పట్టీ తిప్పండి. మొక్కల పేర్లు చెప్పిన ఆ పంతులమ్మ గారిని రిసోర్స్ పర్సన్‌గా పిలవండి. టీఏ, డీఏ స్లైడులు చూపే ఆయనకైనా, ఆమెకైనా ఒకటే కదా.