పిన్ను పడితే చాలన్నా!

ప్రొద్దుటూరులో ఉంగరం కొనడానికి పోయినవాళ్ళను చూడండి. 916 ముద్ర ఉందా అంటారు. భూతద్దం అడిగి మరీ ఆరక్షరాల హెచ్‌యూఐడీ చదువుకుంటారు. గాలికి మిల్లీగ్రాము అటూఇటూ అవుతుందని తూకం దగ్గర ఫ్యాను ఆపమంటారు. అదే మనిషి బంగారు బజారు దాటి ఎలక్ట్రికల్ అంగడికి పోయి అడాప్టరు కొంటే మాత్రం దాని వీపు తిప్పి చూడడు. అక్కడా చీమతలకాయంత అక్షరాల్లో బోలెడు రాసుంటుంది పాపం.

మా మోడెము టెలిఫోను రాగి తీగ మీద ఇంటర్నెట్ నడిచిన కాలం నాటిది. అది గుండ్రాయిలా ఉంది, దాని అడాప్టరే పోయింది. లోపలి కెపాసిటర్ల ఆయుస్సు పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళ లెక్క. మా కడప ఎండలకు అది ఇన్నేళ్ళు బతకడమే ఎక్కువ. దాని వీపు మీది రాత: 12 వోల్టులు, 1 ఆంపియరు, డీసీ, పిన్ను లోపలి వైపు ప్లస్.

ప్రొద్దుటూరు అంగడాయన 9 వోల్టులది తీసిచ్చాడు.

"ఇది తొమ్మిది కదన్నా?"

"మూడు వోల్టులకు ఏమైతాదన్నా? పిన్ను పడితే చాలు."

మూడు మిల్లీగ్రాములు తగ్గితే పంచాయితీ పెట్టే ఊర్లో మూడు వోల్టులు ధర్మానికి వదిలేయమన్నాడు!

జమ్మలమడుగులో రిపేరు అంగడాయన ఇంకాస్త శాస్త్రీయం. అట్టపెట్టె బోర్లించాడు. రేడియోలవి, కార్డ్‌లెస్ ఫోన్లవి, ఏదో భజన మందిరం కీబోర్డుది, అన్నీ తోకలు పెనవేసుకుని పడ్డాయి. బరువైన పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరొకటి విడదీసి మీటరు పెట్టాడు. పైన 9 అని ఉంది, మీటరు 13 చూపింది.

"సూడు సామీ, నువ్వడిగింది పన్నెండే గదా, ఒకటి ఎక్కువే ఇస్తాండా!"

ఆ రకానివి ఖాళీగా ఉన్నంతసేపే అట్లా గొప్పలు పోతాయి. పని మీద పెడితే దిగొచ్చి తొమ్మిది దగ్గర నిలబడతాయి. మనుషుల్లోనూ ఉన్నారు గానీ, ఆ మాట ఇక్కడెందుకు. తర్వాత కీబోర్డుది తీశాడు. దాని పిన్ను లోపల మైనస్. దాని వీపు మీది ప్లస్, మైనస్ బొమ్మ చూపించాను. "మైనస్సైతే ఏంది సామీ, అదీ కరెంటే గదా" అన్నాడు.

అక్కడినుంచి పులివెందుల బస్సెక్కాను, మా బావ ఉన్నాడని. దారిలో ముద్దనూరు. ఆ దగ్గర్లోనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, సామర్థ్యం 1650 మెగావాట్లు. నా మోడెముకు కావలసింది 12 వాట్లు. బస్సులో పనేముంది, భాగించాను. 13 కోట్ల 75 లక్షల మోడెములు నడపొచ్చు! తెలుగు రాష్ట్రాలు రెండింటి జనాభా కలిపినా అంత లేదు. అయినా వాటిలో ఒక్కదానికి సరైన అడాప్టరు దొరక్క నేను టికెట్టు కొనుక్కుని తిరుగుతున్నాను.

పులివెందులలో బావ నన్ను సీసీటీవీ కెమెరాల అంగడికి తీసుకుపోయాడు. మోడెముకు, కెమెరాలకు సంబంధమేమిటనుకున్నాను. కుర్రవాడు నా పాత అడాప్టరును తిప్పి చదివాడు. చదివాడండీ! "కెమెరాలకూ ఇదే అన్నా, పన్నెండే, లోపల ప్లస్సే. కానీ రెండు ఆంపియర్లది ఉంది" అన్నాడు.

"రెండా? ఒకటి చాలునంటే రెండు పోస్తే మోడెం పేలిపోతాది బావా" అని బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

గంపెడు సంగటి కెలికి పెట్టినా తినేవాడు కడుపుకు పట్టినంతే తింటాడు కదా, ఆంపియర్లూ అంతే. అడాప్టరు ఎంతవరకు ఇవ్వగలదో చెప్పే అంకె అది, మోడెము తనకు కావలసినంతే లాక్కుంటుంది. వోల్టులు మాత్రం సరిపోవాల్సిందే. ఇదంతా చెప్పాక బావ చెయ్యి వదిలాడు గానీ నమ్మలేదు.

ఇంట్లో పెట్టగానే మోడెము దీపాలన్నీ వెలిగాయి. అమ్మ మాత్రం వంటింటి గడప దాటి రాలేదు. బావ ముందే ఫోన్ చేసేశాడట.

"ఏమబ్బీ, కెమెరాది తెచ్చినావంట గదా. ఇంట్లో అంతా సూస్తాంటాదా అది?"

కెమెరా లేదమ్మా, ఒట్టి కరెంటు బిళ్ళ అన్నాను. సరేనంది. నేను అటు తిరగ్గానే మందపాటి తుండుగుడ్డ తెచ్చి మోడెముకూ అడాప్టరుకూ కలిపి కప్పేసింది. వేడికి చస్తుందని నేను పొద్దున తీస్తాను, ఆమె మాపటికి కప్పుతుంది.