మడి కట్టుకున్న కంప్యూటర్

ఈ కాలపు పిల్లలకు కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ పెట్టుకోవడం మంచినీళ్లు తాగినంత తేలిక. వర్చువల్‌బాక్స్ తెరుస్తారు, ఉన్న 8 జీబీ ర్యామ్‌లో సగం దానికి రాసిచ్చేస్తారు, ఐఎస్ఓ ఫైలు చూపిస్తారు. కాసేపటికి తెర మీద ఓ మూల రెండో విండోస్ లేచి కూర్చుంటుంది. "అది వేరే లోకం తాతయ్యా, అందులో ఏ వైరస్ పడ్డా ఇటు అంటుకోదు" అంటాడు మా మనవడు. అంటుకోదట!

మా రోజుల్లో వేరు అంటే వేరే. విజయవాడలో డీటీపీ షాపు నడిపేవాణ్ణి. ఊరూపేరూ తెలియని ఫ్లాపీ ఎవరైనా తెస్తే, పనిచేసే హార్డ్ డిస్క్ ఛాయలకు రానిచ్చేవాళ్లం కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన హార్డ్ డిస్క్ ర్యాకు తాళం తిప్పి, పని డిస్కును బయటికి లాగి బీరువాలో పెట్టి, పాత డిస్కు తోసి, అప్పుడు చూసేవాళ్లం. ర్యాకు కొనలేనివాడు క్యాబినెట్ విప్పి, మాస్టరు స్లేవు జంపర్లు మార్చుకుని తంటాలు పడేవాడు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ విరుచుకుపడి, డిస్కుల్లో సరుకు ఊడ్చేసింది చాలక కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌నే చెరిపేసింది. అది తేదీ చూసి లేచే రకం కనుక, తర్వాతి ఏడు ఏప్రిల్ 25 సాయంత్రమే తేదీని 27కి మార్చి కూర్చున్నాం. క్యాలెండర్‌లో ఓ రోజునే వెలివేసిన వాళ్లం, మాకా వేరు పెట్టడం నేర్పేది?

పైగా ఇదంతా నిన్న మొన్న పుట్టినట్టు మాటలు. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370తో ఒక పెద్ద యంత్రాన్ని అనేక యంత్రాలుగా పంచారు. మామూలు పీసీల్లోకి ఆ విద్య 1999లో వీఎంవేర్‌తో దిగింది. అప్పట్లో 64 ఎంబీ ర్యామ్ ఉంటే షావుకారు కింద లెక్క. అందులో రెండు సంసారాలు పెడితే మౌసు కదలడానికే ముహూర్తం చూడాలి. 2005లో ఇంటెల్, మరుసటేడు ఏఎండీ ప్రాసెసర్‌లోనే దీనికి ఏర్పాటు చేశాకే ఈ హుషారంతా. అది బయాస్‌లో ఆన్ చేసుకోవాలని తెలియక "పనిచేయట్లేదు" అంటూ నా దగ్గరికే వస్తారు.

సరే, మావాడి ‘వేరే లోకం’ సెట్టింగులు తెరిచి చూద్దును కదా, క్లిప్‌బోర్డ్ రెండువైపులా బార్లా తెరిచి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం రాసుకునే హక్కుతో సహా లోపలికి ఇచ్చేశాడు. నెట్‌వర్క్ బ్రిడ్జ్‌డ్, అంటే ఇంటి రౌటర్ మీద అదీ ఓ కొత్త సభ్యుడే. మడి కట్టుకుని సంతంతా రాసుకుపూసుకు తిరిగితే అదేం మడిరా? పోనీ విండోస్ 10 ప్రోలో 2019లో వచ్చిన సాండ్‌బాక్స్ వాడమన్నాను. మూసేస్తే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోతుంది, మంచిదే. కానీ తెరిచేటప్పుడు నెట్, క్లిప్‌బోర్డ్ రెండూ తెరిచే వస్తాయి. వాటిని ఆపాలంటే నోట్‌ప్యాడ్‌లో చిన్న డబ్ల్యుఎస్‌బీ ఫైలు రాసుకోవాలి. రాయమంటే ఆవులింతలు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన నా పాత శుభలేఖలు కొత్త విండోస్‌లో మొరాయిస్తే, నెట్ లేని ఎక్స్‌పీని వర్చువల్‌గా పెట్టి తెరుస్తున్నాను. 2014లోనే మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్న ఎక్స్‌పీకి నెట్ ఇవ్వడం ప్రమాదం కనుక, నెట్‌వర్క్ అడాప్టరే తీసేశాను. ఏదన్నా చెడితే స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే సరి. మా రోజుల్లో ఎఫ్‌డిస్క్‌తో మొదలుపెడితే తెల్లారేది. అలాగని స్నాప్‌షాటే బ్యాకప్ అనుకునే మహానుభావులున్నారు. అది ఉండేదీ ఆ డిస్కులోనే నాయనా, డిస్కు పోతే రెండూ గోవిందా.

నెట్‌వర్క్ తీసెయ్, క్లిప్‌బోర్డ్ ఆపెయ్, ఫోల్డర్ తప్పక ఇవ్వాల్సొస్తే చదవడానికి మాత్రమే ఇవ్వు. మావాడికి చెప్పింది ఇంతే. కుర్చీలోంచి లేవకుండా చేసే పని, దానికీ "రేపు చూద్దాం తాతయ్యా" అంటాడు. మేం స్క్రూలు విప్పేవాళ్లం.