దీనత్వపు వేలంపాట

క్రైస్తవ బోధలో దీనత్వమంటే పేదరికం కాదు, తనకున్నదంతా దేవుడిచ్చినదేనని ఎరిగి తల వంచడం. ఆ ఎరుక మరిచి తల ఎగరెయ్యడం అతిశయం. తల ఎగరెయ్యడాన్నే పౌరుషమని కొనియాడే నేల మీద ఈ బోధ ఎలా నాటుకున్నదో చూడవలసిందే. 1757 జనవరిలో బొబ్బిలి, విజయనగరం సంస్థానాల పంతాలు ఒక కోటను బూడిద చేయగా, జంగం కథలు ఆ బూడిదను నేటికీ చల్లారనివ్వలేదు; కెనడా బాప్టిస్టు మిషనరీలు 1879లో ఏరికోరి ఆ బొబ్బిలిలోనే మకాం పెట్టి, చెంప దెబ్బకు రెండో చెంప చూపాలని చెప్పనారంభించారు. ధైర్యమంటే అదీ.

బోధ ఫలించలేదనడానికి వీల్లేదు, ఎందుకంటే ఈ ప్రాంతపు సంఘాలలో, అంటే ఆదివారం కూడుకునే విశ్వాసుల సమాజాలలో, నోటివెంట అతిశయం రాదు. ప్రార్థనకు లేచిన పెద్ద తాను అయోగ్యుడనంటాడు, రెండో పెద్ద మరో మెట్టు దిగి ధూళినంటాడు, మూడో ఆయనకు దిగడానికి మెట్లే మిగలవు. మాటల్లోంచి గెంటబడిన అతిశయం మాత్రం ఊరు విడిచిపోక వస్తువుల్లో కాపురం పెట్టింది. మందిరంలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, తండ్రి పేరు, రిటైరైన ఉద్యోగం ఎర్రరంగుతో రాయిస్తారు. ఫ్యాను తిరిగినంతసేపు అవి కనబడవు గనుక దీనత్వానికి భంగం లేదు, మే నెలలో కరెంటు పోయినప్పుడు మాత్రం సంఘమంతా చెమటలు కక్కుతూ తలెత్తి దాతను చదువుకుంటుంది.

ఆ ఫ్యాను కింద పాడే కీర్తనల్లో అనేకం రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) సంగతి వేరు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, కులమిచ్చిన గౌరవాన్ని వదులుకున్న ఆ కవి రచనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో నేటికీ ఉన్నా, ఆరాధనలో వినబడేది ఆయన పేరు కాదు, పాట నంబరు. ఒక ఫ్యాను కొనిచ్చి ఉండవలసింది.

అసలు పోటీ కోత పండుగనాడు, అంటే తొలి పంటను మందిరంలో అర్పించి, ఆపై సంఘ నిధికోసం వేలం వేసేనాడు జరుగుతుంది. సంతలో బేరమాడి సగానికి తెగ్గొట్టే గుమ్మడికాయకు ఇక్కడ ఇద్దరు పెద్దలు పట్టుపట్టి పాట పెంచుతుంటారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఉదయమే పాస్టరుగారు గర్విష్ఠుల గురించి ప్రసంగించినప్పుడు ప్రతి ఒక్కరూ పక్కవాడి భుజం వంకే చూశారు. చివరికి కాయ దక్కించుకున్న పెద్ద, అంతా ప్రభువు కృపేనని మైకులో చెప్పి, సొమ్ము ధాన్యం అమ్మాక ఇస్తానని కోశాధికారి చెవిలో చెబుతాడు.