వెనక్కి తగ్గని జనరల్

ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక రష్యా జనరళ్ళకు కుర్చీ నిలవడం కష్టమైపోయింది. కొందరు ముందు వరసలో చనిపోయారు, కొందర్ని మార్చారు, కొందర్ని ఊరికే కూర్చోబెట్టారు, మరికొందర్ని జైలుకు పంపారు. ఇంతమందిలో ఒక్క అడుగు కూడా వెనక్కి వేయని జనరల్ ఒకాయన ఉన్నాడు. ఆయన యుద్ధరంగం మాస్కోలోనే. ఎదురుగా కెమెరా, చేతిలో కాగితాలు. రక్షణ శాఖ అధికార ప్రతినిధి ఇగోర్ కొనషెంకోవ్.

పుట్టింది 1966లో, నేటి మాల్డోవా రాజధానిలో. సైనిక చదువు చదివింది జితోమిర్‌లో. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన చదివే దాడుల చిట్టాలో ఆ ప్రాంతం పేరు కూడా వచ్చి పోతుంటుంది. నేర్చుకున్నది గగనతల రక్షణ. అంటే, వచ్చి పడేదాన్ని నేల తాకకముందే గాల్లో పేల్చేసే విద్య. తర్వాతి ఉద్యోగంలో వార్తల మీద అదే విద్య ప్రయోగించాడు కనుక చదువు వృథా పోయిందనడానికి లేదు.

2022 ఏప్రిల్లో నల్లసముద్రంలో రష్యా యుద్ధనౌక మాస్క్వా మునిగింది. క్షిపణులతో కొట్టామని ఉక్రెయిన్ అంది. రష్యా రక్షణ శాఖ మాత్రం నౌకలో నిప్పు అంటుకుని మందుగుండు పేలిందనీ, సిబ్బందిని క్షేమంగా దించామనీ, లాక్కెళ్తుంటే తుపానులో మునిగిందనీ చెప్పింది. వారం తర్వాత ఒకరు చనిపోయారనీ 27 మంది కనిపించడం లేదనీ అదే శాఖ ఒప్పుకుంది. ఆగస్టులో క్రిమియాలోని సాకీలో రష్యా వైమానిక స్థావరం పేలిపోయింది. బీచ్‌లో ఎండ కాచుకుంటున్న పర్యాటకులు వీడియోలు తీశారు. అక్కడా మందుగుండు తనంతట తానే పేలిందట, ఒక్క విమానానికీ ఏమీ కాలేదట. మర్నాడే కాలిన విమానాల ఉపగ్రహ చిత్రాలు వచ్చేశాయి. ఉపగ్రహాలకు దేశభక్తి ఉండదు.

ఇక వెనక్కి రావడం. ఆ ఏడాది జూన్ 30న నల్లసముద్రంలోని స్నేక్ ఐలాండ్ నుంచి రష్యా సైన్యం వచ్చేసింది. సద్భావనతోనట! సెప్టెంబరులో ఉక్రెయిన్ సేనలు విరుచుకుపడితే ఖార్కివ్ ప్రాంతంలో ట్యాంకులు కూడా వదిలేసి పరుగెత్తాల్సి వచ్చింది. కొనషెంకోవ్ తొణక్కుండా, బలక్లియా, ఇజ్యూమ్ దళాలను దొనెత్స్క్ వైపు పునర్వ్యవస్థీకరిస్తున్నామని చదివాడు. లక్ష్యసాధన కోసమేనని కూడా చేర్చాడు.

మన సంజయుడు ఈ కొలువుకు బొత్తిగా పనికిరాడు. కురుక్షేత్రం నుంచి వస్తూనే భీష్ముడు పడిపోయాడని రాజు మొహం మీదే చెప్పేశాడు. మాస్కోలో అయితే పితామహులు ముందుగా సిద్ధం చేసిన అంపశయ్య మీదికి ప్రణాళిక ప్రకారం తరలారని ప్రకటన వచ్చేది.

లెక్కల దగ్గర కాస్త ఆగాలి. ఆయన రోజువారీ ప్రకటన చివర్లో మొత్తం పద్దు ఉంటుంది: ఇప్పటిదాకా కూల్చిన విమానాలు ఇన్ని, హెలికాప్టర్లు ఇన్ని, ట్యాంకులు ఇన్ని. యుద్ధానికి ముందు ఉక్రెయిన్ దగ్గరున్న యుద్ధవిమానాలు నూరుకు కాస్త అటూ ఇటూ. 2022 ముగిసేసరికి ఆయన కూల్చినవి మూడు వందలు దాటాయి. ఉపాధి హామీ మస్టర్ రోల్ చూసినవాళ్ళకు ఇందులో వింతేం ఉండదు. చనిపోయినవాళ్ళు కూడా వచ్చి మట్టి తవ్వి సంతకం పెట్టి వెళ్ళినట్టే, కూలిన విమానాలు మళ్ళీ లేచి వచ్చి కూలి వెళ్తాయి.

2023 జనవరిలో క్రమతోర్స్క్‌లో రెండు హాస్టళ్ళ మీద క్షిపణులు వేసి 600 మందికి పైగా ఉక్రెయిన్ సైనికులను చంపామని రక్షణ శాఖ ప్రకటించింది. విలేకరులు వెళ్ళి చూశారు. అద్దాలు పగిలాయి, పక్కన గుంట పడింది. శవాలు లేవు, రక్తపు మరక కూడా లేదు. అదే ఏడాది ఏప్రిల్లో రష్యా విమానమే పొరపాటున సొంత ఊరు బెల్గొరోద్ మీద బాంబు వేసింది. పేలుడుకు ఒక కారు ఎగిరి దుకాణం కప్పు మీద పడింది. విమానం నుంచి మందుగుండు అసాధారణ రీతిలో విడివడిందని ప్రకటన. ఎవరూ ఏమీ వేయలేదన్నమాట, అదే విడివడింది.

ఇదంతా అబద్ధమని రష్యాలో ఎవరైనా అనొచ్చు కదా అంటారేమో. సైన్యం గురించి తప్పుడు సమాచారం చెబితే 15 ఏళ్ళ దాకా జైలని 2022 మార్చిలోనే చట్టం తెచ్చారు. ఖాళీ కాగితం పట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళను కూడా పోలీసులు ఎత్తుకెళ్ళారు. నిండా రాసిన కాగితం పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డాయనకు మాత్రం ఆ వేసవిలోనే పదోన్నతి వచ్చింది: మేజర్ జనరల్ నుంచి లెఫ్టినెంట్ జనరల్.

ఈ వృత్తిలో అసలు కిటుకు మరొకటుంది. నిజంగా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ఇంకొకళ్ళను నిలబెడతారు. రష్యా పట్టులోని మకీవ్కాలో 2023 కొత్త సంవత్సరం రాత్రి ఉక్రెయిన్ దాడిలో 89 మంది రష్యా సైనికులు చనిపోయారని చెప్పడానికి వేరే జనరల్ వచ్చాడు. శత్రువుకు ఆచూకీ ఇచ్చిన తప్పు చనిపోయినవాళ్ళ సెల్‌ఫోన్లదేనని తేల్చి వెళ్ళాడు. 2022 నవంబరులో ఖేర్సన్ నగరాన్ని వదిలేయాల్సి వచ్చినప్పుడు టీవీలో ఆ మాట అన్నది సురవీకిన్, ఆ మొత్తం యుద్ధానికి అప్పటి సేనాధిపతి. ఇది చాలా కష్టమైన నిర్ణయమని కూడా ఒప్పుకున్నాడు. రెండు నెలలకు ఆయన పైన ఇంకొకరిని కూర్చోబెట్టారు. 2023 జూన్‌లో వాగ్నర్ కిరాయి సైన్యం తిరుగుబాటు తర్వాత మనిషే కనిపించకుండా పోయాడు. సురవీకిన్ ఎక్కడని విలేకరులు రష్యా పార్లమెంటు రక్షణ సంఘం అధ్యక్షుణ్ణి అడిగారు.

విశ్రాంతి తీసుకుంటున్నాడని ఆయన జవాబిచ్చాడు.